అగ్నిమాపకుల సంఘములు – వైద్య సదుపాయముల పరిరక్షణ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో జీతమునకు పనిచేయు అగ్నిమాపకులు, నగరములు ఉద్యోగములో భాగముగా తమకును తమ కుటుంబములకును సమకూర్చు ఆరోగ్య బీమాను, వృత్తి వలన దాపురించిన రోగములకు లభించు చికిత్సా వ్యయమును, పదవీ విరమణానంతరము కొనసాగు వైద్య సదుపాయమును చేజారిపోకుండ నిలుపుకొనుటకై తమ కార్మిక సంఘముల ద్వారా ఒక శతాబ్దమునకు పైగా సాగించుచున్న కృషి ఈ వ్యాసమునకు విషయము. ఈ కృషికంతటికిని మూలమైన చిక్కు ఒకటి కలదు. సంఘమునకును నగరమునకును జరుగు ఒడంబడిక సాధారణముగా కొద్ది యేండ్లకు మించి ఉండదు. పొగలో పనిచేసినవాని దేహమున రోగము పొడసూపుటకు ఇరువది ముప్పది యేండ్లు పట్టవచ్చును. అప్పటికి ఒడంబడికపై చేవ్రాలు చేసిన మేయరు ఉండడు, సంఘాధ్యక్షుడు ఉండడు, ఒక్కొక్కప్పుడు బీమా సంస్థయే మారిపోయి యుండును. ఈ రెండు కాలపరిమాణముల నడుమనున్న అంతరమును చట్టముచేతను, నిధిచేతను, మధ్యవర్తి తీర్పుచేతను పూడ్చుటకు జరిగిన ప్రయత్నములుగా చూచిననే ఈ సంఘముల చరిత్ర బోధపడును.

ఉద్యోగముతో ముడివడిన వైద్యము

ఇతర పారిశ్రామిక దేశములు పెక్కింట వైద్యము పౌరునకు పౌరుడైనందున లభించుచుండగా, అమెరికాలో అది చాలవరకు ఉద్యోగికి ఉద్యోగియైనందున లభించుట రెండవ ప్రపంచయుద్ధ కాలపు పరిణామము. 1942 నాటి ధర వేతన స్థిరీకరణ చట్టము జీతముల పెంపుదలకు పగ్గములు వేసి బీమాను, పింఛనును మాత్రము మినహాయింపగా, పనివారికై పోటీపడుచుండిన యజమానులు పెంచజాలని జీతమునకు బదులుగా ఆరోగ్య బీమాను చూపి వారిని ఆకర్షింపసాగిరి. పింఛను, సామూహిక బీమా బేరమునకు తగిన విషయములే యని 1949 నాటికి తీర్పులు వెలువడినవి. 1954 నాటి ఆదాయపు పన్ను స్మృతి యజమాని చెల్లించు బీమా సొమ్ముపై ఉద్యోగికి పన్ను లేదని స్థిరపరచినది. న్యూయార్కు మేయరు లాగార్డియా ప్రోత్సాహముతో 1944లో స్థాపితమై 1947లో పని ప్రారంభించిన హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాను ప్రధానముగా నగరోద్యోగులను ఉద్దేశించి ఏర్పడినదే.

నాడు జీతమునకు తోడుగా వచ్చిన ఈ సదుపాయము కాలక్రమమున జీతముతో పోటీపడు భారమైనది. యజమాని ద్వారా లభించు కుటుంబ బీమాకు దేశమున సగటు వార్షిక ప్రీమియము 1999లో 5,791 డాలర్లు కాగా 2024లో 25,572 డాలర్లకు పెరిగినది. ఇంత పెరుగుదలలో ఎవరి వాటా ఎంత యనునదే నేడు ప్రతి బేరమునకును కేంద్రమగుచున్నది.

సంఘముల పుట్టుక

1853లో సిన్సినాటి నగరము పూర్తిగా జీతపు భటులతో అగ్నిమాపక దళము నేర్పరచిన తరువాత ఇతర నగరములు క్రమముగా ఆ మార్గమునే అనుసరించినవి. ఈ భటులు స్టేషనులోనే కాపురమున్నట్లు రేయింబవళ్లు విధిలో ఉండుచు, ఇంటికి పోవుటకు కొద్ది గంటలు మాత్రమే సెలవు పొందుచుండిరి. కాలిపోయిన యింటి కప్పు కూలి ఒకడు మరణించినచో వాని కుటుంబమునకు దిక్కు తోటి భటులు వేసుకొనిన చందాయే. పరస్పర సహాయమునకై వెలసిన సంఘములు అంత్యక్రియల ఖర్చును, వితంతువులకు కొంత పైకమును, ఒకానొకచోట చికిత్సను సమకూర్చుచుండినవి. 1906లో స్థాపితమైన లాస్ ఏంజిలిస్ ఫైర్‌మెన్స్ రిలీఫ్ అసోసియేషను నేటికిని తన సభ్యులకు వైద్య బీమాను నడుపుచుండుట ఆ పూర్వవ్యవస్థ పూర్తిగా అంతరింపలేదనుటకు నిదర్శనము.

ఇరువదవ శతాబ్దారంభమున కొన్ని నగరముల భటులు అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ అను కార్మిక సమాఖ్యలో చేరిరి. వారందరిని ఒక గొడుగు క్రిందికి తెచ్చిన ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ఫైర్ ఫైటర్స్ 1918 ఫిబ్రవరి 28న వాషింగ్టను నగరమున 24 శాఖలకు చెందిన 36 మంది ప్రతినిధుల సమావేశమున అవతరించినది. థామస్ స్పెల్లసీ దానికి తొలి అధ్యక్షుడు. కెనడా శాఖలు కూడ ఉండుటచే అంతర్జాతీయమను పేరు దానికి చెల్లినది. పిట్స్‌బర్గు శాఖ ఒకటవ సంఖ్యను, షికాగో శాఖ రెండవ సంఖ్యను, న్యూయార్కునకు చెందిన యూనిఫార్మ్‌డ్ ఫైర్‌ఫైటర్స్ అసోసియేషను తొంబదినాలుగవ సంఖ్యను నేటికిని వహించుచున్నవి. సంస్థ సభ్యులు ఇప్పుడు మూడున్నర లక్షలకు మించియున్నారు.

తొలినాళ్లలో సంఘమునకు ముఖ్యమైన కోరిక వైద్యము కాదు, విశ్రాంతి. భటులను రెండు జట్లుగా విభజించి వంతులవారీగా పని చేయించుటయే నాటి ప్రధాన పోరాటము. 1919లో బోస్టను పోలీసుల సమ్మె విఫలమైనప్పుడు రేగిన ప్రజాగ్రహము అగ్నిమాపకులను కూడ తాకి, వారి సంఘములు కొన్నింటిని దెబ్బతీసినది. సమ్మె చేయరాదను నిబంధనను సంస్థ చిరకాలము తన నియమావళిలో ఉంచుకొని 1968లో తొలగించినది. అటుపిమ్మటను సమ్మెలు అరుదు. 1980 ఫిబ్రవరిలో షికాగో భటులు ప్రారంభించి ఇరువదిమూడు దినములు సాగించిన సమ్మె అట్టివానిలో ప్రసిద్ధమైనది. వారు ముఖ్యముగా అడిగినది లిఖితపూర్వకమైన ఒడంబడిక. అంతవరకు ఆ మహానగరమున భటుల సేవానిబంధనలకు ఆధారము కరచాలనమే యనిన నేటివారికి వింతగా తోచును.

1935 నాటి జాతీయ కార్మిక సంబంధముల చట్టము రాష్ట్ర, నగర ప్రభుత్వముల ఉద్యోగులను తన పరిధినుండి తొలగించినది. అందుచేత అగ్నిమాపకుల బేరపు హక్కు ఏబది రాష్ట్రములలో ఏబది తీరులుగా ఉన్నది. పెన్సిల్వేనియా 1968లోను, మిషిగను 1969లోను ప్రత్యేక చట్టములు చేసి, బేరము కుదరనిచో ఇరుపక్షములును తటస్థుడైన మధ్యవర్తి తీర్పునకు కట్టుబడవలెనని విధించినవి. సమ్మె హక్కు లేనివారికి ఈ మధ్యవర్తిత్వమే ఆయుధము. ఇరుగుపొరుగు నగరముల భటుల కెంత బీమా లభించుచున్నది, ఈ నగరము చెల్లింపగల శక్తి యెంత అను రెండు ప్రశ్నలపైననే తీర్పు చాలవరకు ఆధారపడుటచే, సంఘముల కార్యాలయములలో న్యాయవాదులతో సమానముగా గణకులకును పని తగిలినది. టెక్సాసులో 1973 చట్టము ప్రకారము నగర ప్రజలు వోటు వేసి అంగీకరించినచోటనే బేరమునకు చోటు కలదు; ఉత్తర కెరొలైనాలో 1959 చట్టము ప్రభుత్వోద్యోగుల సంఘములతో ఒడంబడికలనే చెల్లనేరవని శాసించినది. ఒకే విధమైన మంటను ఆర్పు ఇద్దరిలో ఒకనికి బీమా చట్టబద్ధమైన హక్కుగాను, రెండవవానికి కౌన్సిలు దయగాను లభించుటకు కారణమిదియే.

వృత్తియును రోగమును

అగ్నిమాపకుడు మంటలో మరణించుననుట లోకాభిప్రాయము. గణాంకములు మరియొకటి చెప్పుచున్నవి. 1994 మొదలు 2004 వరకు విధినిర్వహణలో సంభవించిన 1,144 మరణములను పరిశీలించి 2007లో ప్రకటింపబడిన ఒక వైద్య పరిశోధనలో, 2001 సెప్టెంబరు 11 నాటి మరణములు మినహాయింపగా, 449 మరణములు హృద్రోగము వలన కలిగినట్లు తేలినది. మంటలార్పుటలో గడచు కాలము మొత్తము పనికాలమున నూటికి ఒకటి మొదలు అయిదు పాళ్లే యైనను, ఆ హృద్రోగ మరణములలో సుమారు మూడవవంతు ఆ స్వల్పకాలముననే సంభవించినవి. నిద్రనుండి గంటమ్రోతకు ఉలికిపడి లేచి, బరువైన దుస్తులు, గాలి సిలిండరు ధరించి, క్షణములలో తీవ్రశ్రమకు లోనగు గుండెపై పడు ఒత్తిడి ఇందులకు హేతువు.

క్యాన్సరు కథ ఇంతకంటె నిదానమైనది. పూర్వము ఇండ్లలో కాలునది కొయ్య, నూలు, ఉన్ని. నేడు కాలునది ప్లాస్టిక్కు, నురుగు పరుపులు, కృత్రిమ దారములు. ఈ పొగలోని బెంజీను, ఫార్మాల్డిహైడు మొదలగు పదార్థములు ఊపిరితో మాత్రమే గాక చర్మము ద్వారా గూడ దేహమున ప్రవేశించుచున్నవి. పాత కట్టడములు కూలునప్పుడు ఆస్‌బెస్టాసు ధూళి రేగును. అమెరికా జాతీయ వృత్త్యారోగ్య సంస్థ షికాగో, ఫిలడెల్ఫియా, శాన్‌ఫ్రాన్సిస్కో నగరములలో 1950 తరువాత పనిచేసిన సుమారు 30,000 మంది చరిత్రలను పరిశీలించి, సామాన్య జనులకంటె వారికి క్యాన్సరు సోకుట 9 శాతము, క్యాన్సరుతో మరణించుట 14 శాతము అధికమని నిర్ధారించినది. ఊపిరితిత్తుల పొరకు ఆస్‌బెస్టాసు వలన వచ్చు మీసోథీలియోమా అను క్యాన్సరు రెట్టింపు కనబడినది. ప్రపంచారోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2010లో అగ్నిమాపక వృత్తిని క్యాన్సరు కలిగింప వచ్చునన్న సందేహవర్గమున చేర్చి, 2022లో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమున సమావేశమై, నిశ్చయముగా కలిగించునను మొదటి వర్గములోనికి మార్చినది. మీసోథీలియోమా, మూత్రాశయ క్యాన్సరు విషయమున సాక్ష్యము చాలునని ఆ సంస్థ తేల్చినది. పెద్దప్రేగు, ప్రోస్టేటు మొదలగు వానికి సాక్ష్యము పరిమితమని పేర్కొన్నది.

నిరూపణ భారము

పనిచేయుచుండగా నిచ్చెన జారి కాలు విరిగినచో ఏ కార్మిక పరిహార చట్టమైనను చికిత్సకు సొమ్మిచ్చును. పదునెనిమిదేండ్లలో కొన్ని వందల మంటలలో పీల్చిన పొగలో ఏ పొగ మూత్రాశయ క్యాన్సరునకు కారణమని రోగియే రుజువుచేయవలెననిన అది ఎవ్వరికిని శక్యము కాదు. బీమా పక్షపు న్యాయవాదికి ఈ అశక్యతయే బలము. సంఘములు దీనిని గ్రహించి చట్టసభలను ఆశ్రయించినవి. ఇంత కాలము సేవచేసిన అగ్నిమాపకునికి ఫలానా రోగము వచ్చినచో అది వృత్తిజన్యమనియే ముందుగా భావింపవలెననియు, కాదని నిరూపించు భారము యజమానిదే యనియు శాసించు చట్టములను సాధించినవి. ప్రిజంప్షను చట్టములని వీనికి వాడుక పేరు. సంఘముల చరిత్రలో వైద్య సదుపాయమునకు ఇంతకంటె గొప్ప విజయము మరియొకటి లేదని నా యభిప్రాయము. ఏలయన, ఇది బేరపు బల్లపై ప్రతి మూడేండ్లకును తిరిగి తెరవదగిన విషయము గాక, ఒడంబడికల వయస్సుతో నిమిత్తము లేక నిలుచునట్టిది.

1939 నాటికే హృద్రోగము, న్యుమోనియాల విషయమున ఇట్టి నిబంధనను కలిగియుండిన కాలిఫోర్నియా, 1982లో క్యాన్సరునకు దానిని విస్తరింపజేసి ఇతర రాష్ట్రములకు మార్గదర్శకమైనది. కెనడాలో మానిటోబా రాష్ట్రము 2002లో తొలిసారిగా కొన్ని క్యాన్సరులను చేర్చినది. పెన్సిల్వేనియా 2011లోను, ఒహాయో 2017లోను ఈ బాట పట్టినవి. అడవి మంటలతో పోరాడు సమాఖ్య ప్రభుత్వపు అగ్నిమాపకులకు మాత్రము, రాష్ట్రములన్నియు దాదాపు ముందుకు సాగిన పిమ్మట, 2022 డిసెంబరులో రక్షణ వ్యయ చట్టమున ఒక భాగముగా ఈ హక్కు లభించినది.

చట్టము వచ్చినంతమాత్రమున వివాదము తీరలేదు. ఎన్నేండ్ల సేవ కావలెను, పొగత్రాగినవానికి వర్తించునా, పదవీ విరమణ చేసిన ఎన్నేండ్లవరకు వర్తించును, ఏ క్యాన్సరులు జాబితాలో చేరును అను ప్రశ్నలపై రాష్ట్రమునకొక సమాధానము కలదు. నగరముల సమాఖ్యలు ఈ చట్టములను వ్యయభయముతో తరచుగా ప్రతిఘటించుచు వచ్చినవి. ఆ భయము నిరాధారమనలేము. ఒక్క క్యాన్సరు రోగి చికిత్స చిన్న పట్టణపు అగ్నిమాపక బడ్జెటును తలక్రిందులు చేయగలదు. ఆ పట్టణము తానై ఈ భారమును మోయవలసియుండుట వ్యవస్థాలోపమే గాని రోగి దోషము గాదు.

న్యూయార్కు అనుభవము

న్యూయార్కు నగరపు యూనిఫారము ధరించు అగ్నిమాపకులు రాష్ట్రపు కార్మిక పరిహార చట్టమునకు వెలుపలివారు. దానికి బదులు వారికి పరిమితి లేని రోగసెలవు, విధిలో గాయపడి పనికి అనర్హులైనచో జీతమున మూడు వంతుల పింఛను కలవు. ఆరోగ్య బీమా నగరోద్యోగులందరికిని ఉమ్మడిగా, మునిసిపల్ లేబర్ కమిటీ అను సంఘముల కూటమి ద్వారా నిర్ణయమగును. ఈ కూటమిలో వోట్లు సభ్యసంఖ్యను బట్టి యుండుటచే ఉపాధ్యాయుల సంఘమును, ఇతర నగరోద్యోగుల పెద్ద సంఘమును చెప్పినదే చెల్లుబాటగును. అగ్నిమాపకుల స్వరము చిన్నది. మందులు, దంతవైద్యము, కండ్లజోళ్లు మాత్రము అగ్నిమాపకుల సంఘమే తన భద్రతా నిధి ద్వారా నిర్వహించుకొనును. నగరము ఒక్కొక్క సభ్యునిపై ఏటేట నిర్ణీత మొత్తమును ఆ నిధికి జమచేయును. 1967 నాటి టేలర్ చట్టము ప్రభుత్వోద్యోగుల సమ్మెను నిషేధించినను బేరపు హక్కును గుర్తించినది; 1982లో దానికి జరిగిన ట్రైబరో సవరణ, ఒడంబడిక గడువు తీరినను క్రొత్తది కుదురువరకు పాత నిబంధనలే అమలులో ఉండవలెనని శాసించినది. గడువుల నడుమ నెలలు, ఏండ్లు గడచు న్యూయార్కులో బీమా తెగిపోకుండ నిలిచియుండుటకు ఈ సవరణయే ప్రధానాధారము.

2001 సెప్టెంబరు 11న ప్రపంచ వాణిజ్య కేంద్రపు సౌధములు కూలినప్పుడు ఆ నగరపు అగ్నిమాపక శాఖ 343 మందిని కోల్పోయినది. తరువాతి మాసములలో శిథిలములపై పనిచేసినవారి దగ్గు తొలుత వైద్యులకు వింతగా తోచినది. శాఖవారు 2001కు పూర్వమునుండియు తమ భటులకు ఊపిరితిత్తుల శక్తి పరీక్షలు జరిపించి లెక్కలు భద్రపరచుచుండుట అదృష్టము. ఆ పాత లెక్కలతో పోల్చి చూడగా, మొదటి యేడాదిలోనే సగటున 372 మిల్లీలీటర్ల శ్వాసశక్తి తగ్గినట్లు, అనగా పండ్రెండేండ్ల వార్ధక్యము ఒక్క యేటిలో మీదపడినట్లు, వెల్లడియైనది. 2011లో ప్రకటితమైన మరియొక అధ్యయనము, ఆ స్థలమున పనిచేసిన భటులకు, పనిచేయని తోటివారికంటె క్యాన్సరు 19 శాతము హెచ్చుగా కలిగినదని చూపినది. రోగనిర్ధారణ యంతయు సంఘమునకు సాక్ష్యమై, సాక్ష్యము చట్టమైనది.

జాడ్రోగా చట్టముగా ప్రసిద్ధమైన శాసనముపై 2011 జనవరి 2న అధ్యక్షుని సంతకము జరిగినది. దాని ప్రకారము ఏర్పడిన ఆరోగ్య కార్యక్రమము చికిత్సను, పునరుద్ధరింపబడిన పరిహార నిధి నష్టపరిహారమును చూచుచున్నవి. తొలుత క్యాన్సరు జాబితాలో లేదు, 2012లో చేర్చిరి. 2015లో ఆరోగ్య కార్యక్రమపు గడువును 2090 వరకు పొడిగించిరి. ఒక రోగమునకు డెబ్బదియైదేండ్ల గడువు చట్టమున వ్రాయించుకొనిన సంఘోద్యమము అరుదు. నగర ఒడంబడిక ఎన్నడు ఈయజాలని కాలప్రమాణమును సమాఖ్య శాసనము ఈ రీతిని ఇచ్చినది. 2019లో పరిహార నిధిని శాశ్వతమొనర్చిన చట్టము, దానికై కాంగ్రెసు వరండాలలో చక్రాల కుర్చీలో తిరిగి క్యాన్సరుతో మరణించిన రే ఫైఫర్ అను అగ్నిమాపకుని పేరును కూడ ధరించియున్నది. ఆ స్థలమున సోకిన రోగములతో మరణించిన అగ్నిమాపక శాఖవారి సంఖ్య 2023 సెప్టెంబరు నాటికి, నాడు సౌధములతో కూలినవారి సంఖ్యకు సమానమై, ఆపై మించిపోయినది.

బేరపు బల్లపై

2008 నాటి ఆర్థిక మాంద్యము నగరముల ఆదాయమును కుంగదీసిన పిమ్మట, ఉద్యోగుల బీమాపై చట్టసభల దృష్టి పడినది. విస్కాన్సిన్ రాష్ట్రమున 2011లో గవర్నరు స్కాట్ వాకర్ తెచ్చిన పదవ చట్టము ప్రభుత్వోద్యోగుల బేరపు హక్కులను హరించుచు, వారిలో పెక్కుమంది బీమా ప్రీమియమున కనీసము 12.6 శాతము చెల్లింపవలెనని విధించినది. పోలీసులను, అగ్నిమాపకులను ఆ చట్టము మినహాయించినది. మినహాయింపు లభించినను అగ్నిమాపకులు ఇతర ఉద్యోగులతో గూడి మాడిసన్ నగరపు చట్టసభా భవనమునకు నడచిరి. వారి ముందుచూపు వ్యర్థము కాలేదు: అదే యేట వెలువడిన 32వ చట్టము, బీమా పథకపు రూపకల్పనయు ఎంపికయు బేరమునకు తగవని శాసించి, వారికి వదలిపెట్టిన హక్కులో బీమాకు సంబంధించిన గుజ్జును తీసివేసి తొక్కను మిగిల్చినది.

ఒహాయోలో ఐదవ సెనేటు బిల్లు ఇట్టి దాక్షిణ్యము చూపక అగ్నిమాపకులను కూడ తన వలలో చుట్టినది. ఉద్యోగులు ప్రీమియమున 15 శాతమైనను చెల్లింపవలెననియు, సమ్మె చేయరాదనియు అందు కలదు. గవర్నరు జాన్ కేసిచ్ 2011 మార్చిలో సంతకము చేయగా, సంఘములు సంతకములు సేకరించి ప్రజాభిప్రాయ సేకరణకు పట్టుపట్టినవి. ఆ నవంబరున సుమారు 61 శాతము వోటర్లు ఆ చట్టమును త్రోసిపుచ్చిరి. మంటలార్పువాని ముఖము ప్రచార చిత్రములలో ముందు నిలుచుట ఈ విజయమునకు తోడ్పడినదనుట వాస్తవము. మిషిగనులో 2011 చట్టములు రెండు దెబ్బతీసినవి: ఒకటి నగరము చెల్లింపదగిన బీమా వాటాకు గరిష్ఠ పరిమితి పెట్టినది; రెండవది ఒడంబడిక గడువు తీరిన తరువాత పెరిగిన బీమా వ్యయమును ఉద్యోగియే భరింపవలెనని చెప్పినది. న్యూయార్కు ట్రైబరో సవరణకు ఇది సరిగా తలక్రిందైన నియమము. జాగుచేసిన కొలది ఒకచోట నగరమునకు, రెండవచోట ఉద్యోగికి నష్టము. ఈ రెండవ చట్టమును మిషిగను 2023లో రద్దుచేసినది.

సమాఖ్య స్థాయిలో 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టము, ఖరీదైన బీమా పథకములపై 40 శాతము పన్ను విధింపజూచినది. దానికి వాడుకపేరు కాడిలాక్ పన్ను. ఆ పేరే సంఘములకు రోషము కలిగించినది; ఊపిరితిత్తుల రోగమునకు చికిత్స చేయించుకొనుట విలాసమా యని వారి ప్రశ్న. వ్యక్తికి 10,200, కుటుంబమునకు 27,500 డాలర్లు దాటిన పథకములకు పన్ను వర్తించుననగా, అపాయకర వృత్తులవారికి ఆ హద్దులను 11,850, 30,950 డాలర్లకు పెంచుట మాత్రమే మొదట సాధ్యమైనది. 2018లో ప్రారంభము కావలసిన ఆ పన్ను రెండుమార్లు వాయిదాపడి, 2019 డిసెంబరులో రద్దయినది. ఒక్కమారైనను వసూలు కాలేదు.

విరమించినవారు

అగ్నిమాపకులు సాధారణముగా ఏబది యేండ్లు దాటిన కొలదికాలమునకే పదవి విరమింతురు. వృద్ధులకు వర్తించు సమాఖ్య మెడికేర్ బీమా అరువది యైదవ యేటగాని రాదు. ఈ నడిమి యేండ్లు రోగము బయటపడు కాలమే. వాషింగ్టన్ రాష్ట్రము 1977 అక్టోబరునకు పూర్వము చేరినవారికి యావజ్జీవ వైద్యవ్యయమును యజమానియే భరించు పథకమును ఏర్పరచినది; ఆ తేదీ తరువాత చేరినవారికి ఆ భాగ్యము లేదు. 2006 పింఛను చట్టము, విరమించిన అగ్నిమాపకులు, పోలీసులు బీమా ప్రీమియమునకై ఏటా 3,000 డాలర్లవరకు పింఛనుపై పన్ను మినహాయింపు పొందు వీలు కల్పించినది. మేలు చిన్నదే.

పింఛనునకు నిధి కూర్చు నగరములు విరామ వైద్యమునకు నిధి కూర్చుట అరుదు. ఈ ఋణమును లెక్కలలో చూపవలెనని ప్రభుత్వ లెక్కల ప్రమాణ మండలి 2004లో విధించిన పిదప దాచియుంచిన భారము బయటపడినది. కాలిఫోర్నియాలోని వలేహో 2008లో దివాలా ప్రకటించినప్పుడు పోలీసు, అగ్నిమాపక ఒడంబడికలే కారణములలో ముఖ్యములుగా పేర్కొనబడినవి. 2012లో దివాలాతీసిన స్టాక్టన్ నగరము, 1990లలో నిధి కూర్చకయే యావజ్జీవ వైద్యమును వాగ్దానము చేసినది. న్యాయస్థానము ఆ వాగ్దానమును రక్షింప నిరాకరింపగా, సుమారు 54.5 కోట్ల డాలర్ల హక్కునకు బదులు విరమించిన ఉద్యోగులందరికి కలిపి 51 లక్షల డాలర్లు మాత్రము దక్కినవి. డెట్రాయిట్ 2013లో దివాలాతీసినప్పుడు పింఛను చాలవరకు నిలిచినను విరామ వైద్యము నగరపు చేతినుండి ప్రత్యేక ట్రస్టుల చేతికి, మిగులకొద్ది సొమ్ముతో, మారినది. ఇట్టి నగరములలో తప్పంతయు మేయర్లదే యనుట న్యాయము కాదు. నిధి లేని వాగ్దానమును విజయముగా చాటి సభ్యులకు పంచిన సంఘ నాయకులకును అందు పాలు కలదు. వాగ్దానము చేసిన దినముననే నిధి ఎక్కడ యని అడుగుట సంఘపు విధి.

న్యూయార్కులో వివాదము మరియొక రూపు దాల్చినది. నగరమును, సంఘముల కూటమియు 2021లో విరమించిన సుమారు రెండున్నర లక్షల మందిని మెడికేర్ నుండి ప్రైవేటు సంస్థలు నడుపు మెడికేర్ అడ్వాంటేజి పథకమునకు మార్పదలచినవి. విరమించినవారు, వారిలో పెక్కుమంది పూర్వపు అగ్నిమాపక, వైద్యసహాయ శాఖలవారు, తమ సంఘములతోనే విభేదించి వ్యాజ్యములు వేసిరి. నాలుగేండ్లకు 2025 జూనులో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము నగరమునకు అనుకూలముగా తీర్పు చెప్పినను, ఆ వెంటనే మేయరు ఆ మార్పును అమలుపరచబోమని ప్రకటించెను. సంఘము పనిచేయుచున్నవారి వోట్లతో నడచును. విరమించినవారికి బేరపు బల్లయొద్ద కుర్చీ లేదు.

చట్రమునకు వెలుపలివారు

అమెరికాలో 2020 నాటి అంచనా ప్రకారము సుమారు పదిలక్షల నలువదివేల అగ్నిమాపకులలో జీతగాండ్రు మూడు లక్షల అరువదినాలుగు వేలు. తక్కినవారు స్వచ్ఛంద సేవకులు. ఉద్యోగమే లేనివారికి ఉద్యోగపు బీమా లేదు. ఋతువులనుబట్టి నియమింపబడు అడవిమంటల భటుల స్థితియు చిరకాలమిట్లే యుండినది. వారిలో తాత్కాలికులకు సమాఖ్య ఉద్యోగుల బీమా 2012 వేసవిలో అధ్యక్షుడు ఒబామా ఆదేశముతో లభించినది. మరుసటి యేట జూన్ 30న అరిజోనాలోని యార్నెల్ కొండ మంటలో మరణించిన పందొమ్మండుగురు గ్రానైట్ మౌంటెన్ దళమువారిలో పూర్తికాలపు ఉద్యోగులు ఆర్గురే. తక్కిన పదుముగ్గురు ఋతుపరమైనవారు. ఒకే కొండపై ఒకే గడియలో మరణించినవారి కుటుంబములకు లభించిన సదుపాయములలోని వ్యత్యాసము చేదు వివాదమునకు దారితీసినది.

నివారణ

ఇటీవలి దశాబ్దములలో సంఘములు చికిత్సతో తృప్తిపడక నివారణ వైపు మరలినవి. 1997లో అగ్నిమాపకుల సంఘమును, దళాధిపతుల సంఘమును కలిసి వార్షిక వైద్య పరీక్షలతో గూడిన ఆరోగ్య కార్యక్రమమును రూపొందించినవి. మానసిక వ్యథ, మద్యపాన వ్యసనములకు చికిత్స చేయు సంఘపు కేంద్రము 2017లో మేరీలాండులోని అప్పర్ మార్ల్‌బరోలో తెరువబడినది. భటులు ధరించు రక్షణ దుస్తులలోని పీఫాస్ రసాయనములు క్యాన్సరు హేతువులు కావచ్చునను ఆందోళనతో, దుస్తుల ప్రమాణములను నిర్ణయించు సంస్థపై సంఘము 2023లో మసాచుసెట్సులో దావా వేసినది; ఆ రాష్ట్రము 2027 నుండి అట్టి దుస్తుల విక్రయమును నిషేధించు చట్టమును 2024లో చేసినది.

ఇతర దేశములు

బ్రిటనులో 1918లోనే ఏర్పడిన ఫైర్ బ్రిగేడ్స్ యూనియనునకు, 1948లో జాతీయ వైద్యసేవ వచ్చినది మొదలు, సభ్యుల చికిత్సావ్యయముకై బేరమాడవలసిన పని తప్పినది. దాని శ్రమ పింఛను, విష ధూళి నివారణలపై కేంద్రీకృతమైనది. భారతదేశమున 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలిన నౌకలోని మంటలార్పబోయి మరణించిన అగ్నిమాపకుల స్మృత్యర్థము ఏటేట ఆ దినమునుండి అగ్నిమాపక సేవా వారోత్సవము జరుగుచున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో అగ్నిమాపక శాఖ రాష్ట్ర ప్రభుత్వ శాఖయగుటచే, అందలి భటులకు ఇతర ప్రభుత్వోద్యోగులవలెనే ఉద్యోగుల ఆరోగ్య పథకము ద్వారా నగదు చెల్లింపకయే చికిత్స పొందు వీలు కలదు. ఈ సదుపాయపు హద్దులను నిర్ణయించునది ప్రత్యేక ఒడంబడిక గాక ప్రభుత్వ ఉత్తర్వు.